లూప్ టెస్ట్‌లో నా రీడింగ్ 0.68, కన్సల్టెంట్‌ది 0.73, లిమిట్ 0.72. ఏది రాయాలి?

హన్మకొండ సైట్ ఇంజినీర్

అందరికీ నమస్కారం. హన్మకొండలో ఒక హాస్టల్ బిల్డింగ్ కరెంటు పని అయిపోయింది, హ్యాండోవర్ ముందు టెస్టింగ్ నడుస్తోంది. సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, 160 కేవీఏ. పై అంతస్తు వాషింగ్ ఏరియాకి ఒక సర్క్యూట్ వెళ్తుంది. సీ కర్వ్ 32 ఆంపియర్ ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే, అంటే ఆఫ్ అయ్యే బ్రేకర్), డీబీ (బ్రేకర్లు ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి చివరి సాకెట్ దాకా సుమారు 28 మీటర్ల వైరు. ఆ సాకెట్ దగ్గర ఎర్త్ ఫాల్ట్ లూప్ ఇంపెడెన్స్ (ఫేజ్ ఎర్త్‌కి తగిలితే ఫాల్ట్ కరెంటు తిరిగే దారి మొత్తంలో ఉండే అడ్డు) చూస్తే నా టెస్టర్‌లో 0.68 ఓమ్ వచ్చింది. ఎన్నిసార్లు చూసినా 0.67, 0.69 మధ్యే తిరుగుతోంది. కన్సల్టెంట్ తరఫు మనిషి వచ్చి తన టెస్టర్ పెడితే 0.73 చూపించింది. లిమిట్ 0.72 కాబట్టి ఫెయిల్ అని రాసుకుని వెళ్లారు.

రెండు టెస్టర్లకీ కాలిబ్రేషన్ (ల్యాబ్‌లో ప్రమాణంతో సరిచూడటం) గడువు ఇంకా ఉంది. రెండూ రెండు డెసిమల్స్ చూపిస్తాయి. ఒకే సాకెట్, ఒకే రోజు. మరి తేడా ఎందుకు? ఇంకోటి, వాళ్ల ఫార్మాట్‌లో ప్రతి కాలమ్‌కీ రెండు డెసిమల్స్ రాయాలట, మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటర్) రీడింగ్‌కి కూడా. మా ఓనర్ ఒకటే టెన్షన్ పెడుతున్నాడు. పెద్దలు చెప్పాలి.

కరీంనగర్ ఎలక్ట్రికల్స్

ఎవరి టెస్టర్ ఖరీదైనది? దాన్నే రాయండి. ఇంత చిన్న తేడాకి గొడవ ఎందుకు?

బెంచ్ మీద మీటర్

అన్నా, ఖరీదుతో తేలే విషయం కాదిది. నేను కాలిబ్రేషన్ ల్యాబ్‌లో పని చేస్తాను, రోజూ చూసేది ఇదే. తమ్ముడూ, మీ టెస్టర్ మాన్యువల్‌లో చివరి పేజీల్లో స్పెసిఫికేషన్ పట్టిక ఉంటుంది. లూప్ రేంజ్ ఎదురుగా అక్యురసీ ఏం రాసి ఉందో ఇక్కడ పెట్టండి.

హన్మకొండ సైట్ ఇంజినీర్

చూశాను సార్. "±(రీడింగ్‌లో 5 శాతం + 5 డిజిట్లు)" అని ఉంది. రెజల్యూషన్ 0.01 ఓమ్. కన్సల్టెంట్ టెస్టర్‌కి కూడా అదే ఉందని ఫోన్‌లో చెప్పారు.

బెంచ్ మీద మీటర్

మీ జవాబు అక్కడే ఉంది. ఇక్కడ డిజిట్ అంటే డిస్‌ప్లేలో చిట్టచివరి అంకె ఒక మెట్టు కదలడం. మీకు చివరి అంకె విలువ 0.01 ఓమ్, కాబట్టి 5 డిజిట్లంటే 0.05 ఓమ్. ఇది రీడింగ్ ఎంతున్నా తగ్గదు. దీనికి 5 శాతం కలపాలి.

మీ 0.68 తీసుకోండి. 5 శాతం 0.034, దానికి 0.05 కలిపితే 0.084. అంటే అసలు విలువ 0.60 నుంచి 0.76 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, మీ టెస్టర్ తన హామీకి కట్టుబడినట్టే. కన్సల్టెంట్ 0.73కి ఇలాగే లెక్క వేస్తే 0.64 నుంచి 0.82. ఈ రెండు పట్టీలూ చాలా భాగం ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అసలు విలువ 0.70 అనుకోండి, ఇద్దరి టెస్టర్లూ సరిగ్గా పనిచేస్తున్నట్టే లెక్క. ఇందులో ఎవరిదీ తప్పు లేదు.

మీకు మళ్లీ మళ్లీ 0.68 వస్తోందన్నారు. దానివల్ల తెలిసేది టెస్టర్ నిలకడగా ఉందని మాత్రమే. ఒక టెస్టర్ ప్రతిసారీ 0.04 తక్కువ చూపించినా అంతే నిలకడగా చూపిస్తుంది. నిలకడ వేరు, సరిగ్గా ఉండటం వేరు.

జనగామ ఐటీఐ

సార్, నాకొక డౌట్. మా మల్టీమీటర్‌లో సప్లై 230.4 వోల్టులు చూపిస్తుంది. ఆ .4ని నమ్మకూడదా అయితే?

బెంచ్ మీద మీటర్

మంచి ప్రశ్న తమ్ముడూ. నీ మీటర్ ఏసీ వోల్టేజ్‌కి ±(1 శాతం + 3 డిజిట్లు) అనుకో. 230.4లో 1 శాతం 2.3, మూడు డిజిట్లు 0.3, మొత్తం 2.6 వోల్టులు. అంటే 228 నుంచి 233 మధ్య ఎంతైనా కావచ్చు. కాబట్టి సప్లై కచ్చితంగా 230.4 అని చెప్పడానికి .4 పనికిరాదు. కానీ పక్కింట్లో మోటార్ ఆన్ చేయగానే 230.4 కాస్తా 229.1 అయిందనుకో, ఆ 1.3 వోల్టుల డ్రాప్ నిజమే. అదే మీటర్, అదే రేంజ్, అర నిమిషం తేడా కాబట్టి మీటర్‌లో ఉన్న తప్పు రెండింట్లోనూ ఒకేలా ఉండి తీసివేతలో పోతుంది. ఆఖరి అంకె పనికొచ్చేది అలాంటి చోట.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. 230 దగ్గర డిజిట్ల వాటా చాలా చిన్నది, శాతానిదే పెత్తనం. లూప్ టెస్ట్‌లో అర ఓమ్, పావు ఓమ్ దగ్గరికి వచ్చేసరికి తిరగబడుతుంది. అక్కడ డిజిట్లదే పెత్తనం.

కాజీపేట రిటైర్డ్ ఫోర్‌మన్

లెక్కలు బాగా చెప్పారు. కానీ అందరూ 0.72 అనే అంకెనే పట్టుకుని కూర్చున్నారు. అదెక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

సీ కర్వ్ ఎంసీబీ వెంటనే పడాలంటే రేటింగ్‌కి 5 నుంచి 10 రెట్ల కరెంటు కావాలి. భద్రత కోసం 10 రెట్లే లెక్కలోకి తీసుకోవాలి. 32కి 10 రెట్లు 320 ఆంపియర్లు. 230ని 320తో భాగిస్తే 0.71875, దాన్నే 0.72 అంటున్నారు. ఇది ఫాల్ట్ జరిగే క్షణంలో ఉండాల్సిన గరిష్ఠ లిమిట్. ఆ క్షణానికి వైరు లోడ్ మీద ఉండి కాగి ఉంటుంది. పీవీసీ వైరుకి అనుమతించిన వేడి 70 డిగ్రీలు. రాగికి డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున రెసిస్టెన్స్ పెరుగుతుంది, 20 నుంచి 70కి వెళ్తే దాదాపు 20 శాతం. లోడ్ లేనప్పుడు, వైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచిన రీడింగ్‌ని అందుకే లిమిట్‌లో 80 శాతంతో పోల్చడం పద్ధతి. 0.71875లో 80 శాతం 0.575.

ఇప్పుడు చెప్పండి. 0.68 పాసా? 0.73 పాసా? రెండూ కావు. రెండో డెసిమల్ మీద కొట్లాడుతూ అసలు సంగతి వదిలేశారు. ఆ సర్క్యూట్‌లో ఏదో ఉంది. ఎర్త్ వైరు సైజు ఎంత?

హన్మకొండ సైట్ ఇంజినీర్

ఫేజ్, న్యూట్రల్ 4 స్క్వేర్ ఎంఎం. ఎర్త్ 1.5 సార్. డ్రాయింగ్‌లో ఎర్త్ సైజు రాయలేదు, వైరింగ్ చేసినవాళ్లు ఉన్నది లాగేశారు. డీబీ దగ్గర లూప్ 0.16 వచ్చింది.

కాజీపేట రిటైర్డ్ ఫోర్‌మన్

అనుకున్నా. ఫేజ్ 16 స్క్వేర్ ఎంఎం వరకు ఎర్త్ కూడా అదే సైజు వేయాలి, వేరే లెక్క కట్టి తక్కువ సరిపోతుందని చూపిస్తే తప్ప. లెక్క చూడండి. మన మల్టీస్ట్రాండ్ హౌస్ వైరు 4 స్క్వేర్ ఎంఎంకి మీటరుకి 4.95 మిల్లీఓమ్‌లు, 1.5కి 13.3. రెండూ కలిపి 18.25. 28 మీటర్లకి 0.51 ఓమ్. డీబీ దగ్గర 0.16 కలిపితే 0.67. అది 20 డిగ్రీల లెక్క, మన ఊరి వేడికి ఇంకో 0.02 కలపండి. మీ 0.68 సరిగ్గా వచ్చింది తమ్ముడూ. టెస్టర్ తప్పు చెప్పలేదు, ఎర్త్ వైరే సన్నం.

అదే ఎర్త్ 4 వేస్తే మీటరుకి 9.9 మిల్లీఓమ్‌లు, 28 మీటర్లకి 0.28, మొత్తం 0.44 దగ్గర్లో రావాలి. అది వచ్చినప్పుడు టెస్టర్ పట్టీ 0.37 నుంచి 0.51, పైచివర కూడా 0.575 లోపలే. ఇక ఎవరి టెస్టర్ పెట్టినా గొడవ ఉండదు.

ములుగు రోడ్ కాంట్రాక్టర్

ఇన్‌కమర్‌లో 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే పడే బ్రేకర్) ఉంటుంది కదా అన్నా. ఎర్త్ ఫాల్ట్ వస్తే అది పడిపోతుంది. ఈ మాత్రానికి గోడలు పగలగొట్టాలా? కాంట్రాక్టర్ కష్టం కూడా చూడాలి.

కాజీపేట రిటైర్డ్ ఫోర్‌మన్

మీ కష్టం తెలుసు. షాక్ విషయంలో ఆర్‌సీసీబీ మీద ఆధారపడటానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, కాదనను. కానీ ఇది హాస్టల్, అందులోనూ తడి నేల. వానాకాలంలో ఆర్‌సీసీబీ ఊరికే పడుతోందని ఎవరో ఒకరు బైపాస్ చేస్తారు. మన దగ్గర ఎన్నిచోట్ల చూడలేదు? ఆ రోజు ఆ పిల్లలకి మిగిలేది ఎంసీబీ, ఎర్త్ వైరు. పైపు వేసే ఉంటే గోడ పగలగొట్టక్కర్లేదు, పాత ఎర్త్ వైరుకి కొత్తది కట్టి లాగితే వస్తుంది.

బెంచ్ మీద మీటర్

ఆర్‌సీసీబీ మాట వచ్చింది కాబట్టి ఒకటి అడగాలి. కన్సల్టెంట్ మనిషి ఏ మోడ్‌లో కొలిచారు? నో ట్రిప్ మోడ్‌లోనా?

హన్మకొండ సైట్ ఇంజినీర్

అవును సార్, ఆర్‌సీసీబీ పడకుండా నో ట్రిప్ పెట్టారు. నేను ఆర్‌సీసీబీని టెస్ట్ కోసం లింక్ చేసి (వైరుతో బైపాస్ చేసి) హై కరెంట్ మోడ్‌లో కొలిచాను, తర్వాత లింక్ తీసేశాను.

బెంచ్ మీద మీటర్

అయితే మిగతా తేడా కూడా దొరికింది. నో ట్రిప్ మోడ్‌లో టెస్టర్ పంపే కరెంటు చాలా తక్కువ, ఆర్‌సీసీబీ పడకూడదు కాబట్టి సుమారు 15 మిల్లీ ఆంపియర్లు. అంత చిన్న కరెంటుతో పావు ఓమ్, అర ఓమ్ కొలవాలంటే లైన్‌లో ఉన్న ఎలక్ట్రికల్ నాయిస్ (వోల్టేజ్ ఒడిదుడుకులు) అంతా రీడింగ్‌లోకి వస్తుంది. లిఫ్ట్ స్టార్ట్ అయినా అంకె మారుతుంది. ఆర్‌సీసీబీ లోపలి కాయిల్ ఇంపెడెన్స్ కూడా కలుస్తుంది. మాన్యువల్‌లో ఆ మోడ్‌కి అక్యురసీ వేరే లైన్‌లో రాసి ఉంటుంది, డిజిట్లు ఎక్కువ ఉంటాయి. కన్సల్టెంట్ మీకు చెప్పిన 5 డిజిట్లు హై కరెంట్ మోడ్‌వి అయ్యుంటాయి, ఆయన్ని ఆ పేజీ చూడమనండి.

డీబీ దగ్గర 0.16 సంగతి కూడా చూడండి. అక్కడ ఎర్రర్ 0.008 + 0.05, అంటే రీడింగ్‌లో మూడో వంతు కంటే ఎక్కువ. అసలు విలువ 0.10 కావచ్చు, 0.22 కావచ్చు. టెస్టర్ దాని పక్కనే ఫాల్ట్ కరెంట్ 1437 ఆంపియర్లు అని నాలుగు అంకెల్లో చూపిస్తుంది. నిజానికి అది 1050 నుంచి 2250 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రిపోర్ట్‌లో 1.4 కేఏ (కిలో ఆంపియర్, అంటే వెయ్యి ఆంపియర్లు) అని రాస్తే చాలు. అక్కడి ఎంసీబీలు 10 కేఏ ఫాల్ట్ దాకా తెంచగలిగేవి అయితే దిగులు లేదు, లిమిట్ చాలా దూరంలో ఉంది.

మెయిన్ ప్యానెల్ దగ్గర మాత్రం ఈ టెస్టర్‌ని నమ్మి ఫాల్ట్ కరెంట్ రాయకండి. నేమ్‌ప్లేట్ మీద ఇంపెడెన్స్ 4.5 శాతం ఉంటే 160 కేవీఏ, 433 వోల్టులకి ఫుల్ లోడ్ 213 ఆంపియర్లు, షార్ట్ సర్క్యూట్ సుమారు 4.7 కేఏ. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదాని ఇంపెడెన్సే 0.05 ఓమ్. టెస్టర్ ఎర్రరూ 0.05. కొలిచే వస్తువూ, కొలతలో తప్పూ సమానమైతే ఇక అంకెకి అర్థమేముంది? అలాంటి చోట నేమ్‌ప్లేట్ లెక్కే మేలు.

కరీంనగర్ ఎలక్ట్రికల్స్

ఇదంతా చదివాక నా బాధ కూడా చెప్తాను. ఒక కస్టమర్ 2.5 స్క్వేర్ ఎంఎం 90 మీటర్ల కాయిల్ కొని ఇంటికెళ్లి మల్టీమీటర్ పెట్టాడట. 1.1 ఓమ్ వచ్చింది, రాగి తక్కువ, గేజ్ మోసం అని షాపు ముందు గొడవ. నెట్‌లో 0.72 ఉండాలని చూశాడట. ఏం చెప్పాలి?

బెంచ్ మీద మీటర్

0.72 సరైన లెక్కే అన్నా. ఐఎస్ 8130 (కేబుల్ కండక్టర్ల భారతీయ ప్రమాణం)లో ఈ రకం 2.5 వైరుకి 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకి 7.98 ఓమ్‌లు మించకూడదు. 90 మీటర్లకి 0.718. ఎండాకాలంలో 40 డిగ్రీల గదిలో అదే వైరు 0.775 చూపిస్తుంది, అందులో మోసం లేదు.

ఇక ఆయన మల్టీమీటర్. 200 ఓమ్ రేంజ్‌లో చివరి అంకె 0.1. ముందు రెండు ప్రోబ్‌లు కలిపి చూడమనండి, 0.2, 0.3 లీడ్స్‌దే ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి తూచే ముందు కాంటా సున్నా చూసుకున్నట్టే ఇదీ. 1.1లో 0.3 తీసేస్తే 0.8. దాని మీద అక్యురసీ ±(0.8 శాతం + 5 డిజిట్లు) అయితే ఒక్క డిజిట్లే 0.5 ఓమ్. 0.3 నుంచి 1.3 దాకా ఏదైనా కావచ్చు. 2.5 బదులు 2 స్క్వేర్ ఎంఎం రాగి ఉంటే 40 డిగ్రీల దగ్గర 0.97 రావాలి. ఆ 0.2 తేడాని ఈ మీటర్ పట్టలేదు. అంటే వైరు మంచిదని కూడా ఈ రీడింగ్‌తో మీరు నిరూపించలేరు.

పట్టాలంటే ఇలా చేయండి. బెంచ్ పవర్ సప్లైతో కాయిల్‌లోకి 2 ఆంపియర్లు పంపండి. మల్టీమీటర్‌ని డీసీ వోల్టులో పెట్టి కాయిల్ రెండు కొసల రాగి మీదే ప్రోబ్‌లు ఆనించండి, సప్లై క్లిప్పుల మీద కాదు. 2.5 వైరు అయితే 1.55 వోల్టులు, 2 స్క్వేర్ అయితే 1.94. సాధారణ మల్టీమీటర్ కూడా ఈ తేడాని సులువుగా చెప్తుంది, లీడ్స్ రెసిస్టెన్స్ లెక్కలోకే రాదు. కస్టమర్ ఎదుటే చేసి చూపించండి. ఎక్కువసేపు ఉంచకండి, చుట్టగా ఉన్న వైరు కాగుతుంది.

పరకాల మోటార్ వైండింగ్

మా పనిలో మాత్రం 0.1 మీటరే అన్నం పెడుతోంది సార్. రైతులు బోరు మోటార్లు తెస్తారు. మూడు ఫేజుల వైండింగ్ చూస్తే 1.6, 1.6, 1.9 వచ్చిందనుకోండి, మూడోదాంట్లో జాయింట్ లూజో, తీగ తేడానో ఉందని విప్పకముందే తెలుస్తుంది. అది కూడా నమ్మకూడదంటారా?

బెంచ్ మీద మీటర్

నమ్మాలి అన్నా, మీరు చేసేది పోలిక. అదే మీటర్, అదే లీడ్స్, అదే రేంజ్. 1.6 నిజంగా 1.6నా అన్నది మీకు అనవసరం, మూడోది మిగతావాటి కంటే 0.3 ఎక్కువ అన్నదే కావాలి. మీటర్ చివరి అంకెకి అది మూడు మెట్లు, కాబట్టి తేడా నిజమే. 1.6, 1.6, 1.7 వస్తే మాత్రం మోటార్ విప్పకండి.

మెగ్గర్ దగ్గర మాత్రం జాగ్రత్త. పోయినసారి 1.8 మెగాఓమ్, ఈసారి 2.1 వచ్చింది, మోటార్ బాగుపడిందని చెప్పకండి. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ దాదాపు సగమవుతుంది. పొద్దున కొలిచారా, మధ్యాహ్నం ఎండలో పడున్న మోటార్‌కి కొలిచారా అన్నదే ఆ 0.3ని మింగేస్తుంది. రీడింగ్ పక్కన టెంపరేచర్ రాయండి.

హన్మకొండ సైట్ ఇంజినీర్

మెగ్గర్ అన్నారు కాబట్టి మళ్లీ నా రెండో ప్రశ్న. 500 వోల్టులతో కొడితే కొత్త వైరింగ్ కదా, డిస్‌ప్లే >999 చూపిస్తుంది. ఫార్మాట్‌లో రెండు డెసిమల్స్ అంటే మా దగ్గర ఒకతను 999.00 అని నింపుతున్నాడు. మరొకతను ఇన్‌ఫినిటీ అంటాడు.

కాజీపేట రిటైర్డ్ ఫోర్‌మన్

రెండూ వద్దు. డిస్‌ప్లేలో ఉన్నదే రాయండి: >999 మెగాఓమ్, 500 వోల్టులు. 999.00 అంటే కొలిస్తే అంత వచ్చిందని అర్థం, మీ మెగ్గర్ ఆ మాట అనలేదు. ఇన్‌ఫినిటీ ఏ మెగ్గరూ కొలవలేదు. కనీసం 1 మెగాఓమ్ ఉండాల్సిన చోట 999 దాటిందని తెలిస్తే సరిపోతుంది.

ఎర్త్ పిట్ కాలమ్‌లో కూడా రెండు డెసిమల్స్ అడుగుతారు చూడండి. 4.87 అని రాస్తారు. ఈ మే నెలలో 4.87 వచ్చిన పిట్ జులైలో నాలుగు వానలు పడ్డాక ఎంత చూపిస్తుందో మీకే తెలుసు. కొలవడానికి నేలలో గుచ్చే మధ్య స్పైక్‌ని కాస్త అటూ ఇటూ జరిపినా మొదటి డెసిమలే మారుతుంది. 4.9 అని రాసి, తేదీ, నేల తడిగా ఉందా పొడిగా ఉందా, స్పైక్‌ల దూరం రాయండి. రేపు ఇంకొకరు వచ్చి పోల్చుకోవడానికి అవి పనికొస్తాయి.

బెంచ్ మీద మీటర్

ఒక చిన్న పని అందరూ చేయొచ్చు. మంచి 1 ఓమ్ రెసిస్టర్ ఒకటి, మీ డీబీలోనే ఒక ఫిక్స్‌డ్ సాకెట్ ఒకటి పెట్టుకోండి. సైట్‌కి వెళ్లేముందు రెసిస్టర్‌ని కంటిన్యుటీ రేంజ్‌లో, సాకెట్‌ని లూప్ రేంజ్‌లో కొలిచి డైరీలో రాయండి. కాలిబ్రేషన్ ఏడాదికోసారే అవుతుంది, మధ్యలో టెస్టర్ కింద పడి అంకె జరిగితే ఈ డైరీయే పట్టిస్తుంది. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ వచ్చాక ఫైల్‌లో పెట్టేయకుండా లోపలి పట్టిక చదవండి. 0.50 ఇస్తే మీది 0.52 చూపించిందని అందులో ఉంటుంది. మీ టెస్టర్ సంగతి అంతకంటే బాగా చెప్పే కాగితం లేదు.

హన్మకొండ సైట్ ఇంజినీర్

అప్‌డేట్. ఎర్త్ వైరు మార్చాం, పైపులోనే లాగాం, గోడ ముట్టుకోలేదు. నా టెస్టర్‌లో హై కరెంట్ మోడ్‌లో 0.45. కన్సల్టెంట్ మనిషి కూడా ఈసారి అదే మోడ్‌లో పెట్టారు, ఆయనది 0.47. ఫార్మాట్‌లో లిమిట్ కాలమ్‌ని 0.72 నుంచి 0.575కి మార్చారు, టెస్ట్ మోడ్‌కి వేరే కాలమ్ కలిపారు. అదే కాంట్రాక్టర్ వేసిన మిగతా నాలుగు అంతస్తుల్లో కూడా ఎర్త్ 1.5 ఉన్న సర్క్యూట్లు వెతుకుతున్నాం.

జనగామ ఐటీఐ

సార్, 0.575ని రెండు డెసిమల్స్‌కి కుదిస్తే 0.57 రాయాలా, 0.58 రాయాలా?

బెంచ్ మీద మీటర్

మన దేశ ప్రమాణాల్లో ఐఎస్ 1 జాతీయ జెండాది. దాని తర్వాతి ఐఎస్ 2 అంకెలు కుదించే నియమాలదే తమ్ముడూ, అంత ముందు రాసుకున్నారు. దాని ప్రకారం సరిగ్గా 5 దగ్గర తెగితే ముందు అంకె సరి సంఖ్య అయ్యేలా చూడాలి. 7 బేసి కాబట్టి 0.58. కుదించడం కూడా ఒకే విడతలో చేయాలి. 0.549ని ముందు 0.55 చేసి, తర్వాత 0.6 చేయకూడదు, ఒక డెసిమల్ కావాలంటే నేరుగా 0.5.

కానీ ఆ నియమం రీడింగ్‌కి వాడు, లిమిట్‌ని కుదించకు. 0.58 అని రాస్తే లిమిట్ నువ్వే పెంచినట్టవుతుంది. ఫార్మాట్‌లో 0.575 అలాగే ఉండనీ.